బాండు పేపరుతో పెళ్లి తెగదు: విడాకులకు చట్టంలో ఉన్న దారులు

"మా ఇద్దరికీ పొసగనందున పెద్దమనుషుల సమక్షంలో, ఎవరి బలవంతమూ లేకుండా విడిపోతున్నాము. ఇకమీదట ఒకరి మీద ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు. ఎవరికి ఇష్టమైనవారిని వారు పెళ్లి చేసుకోవచ్చు." కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో 100 రూపాయల బాండు పేపరు మీద ఇలాంటి రాతలు కొత్తేమీ కాదు. కింద అటు ఇద్దరు, ఇటు ఇద్దరు సాక్షుల సంతకాలుంటాయి. ఒక్కోసారి నోటరీ ముద్ర కూడా ఉంటుంది. కట్నం ఎంత వెనక్కి ఇచ్చారో, బంగారం ఎన్ని తులాలో, బీరువా, మంచం, వంటసామాను ఎవరు తీసుకెళ్లారో అన్నీ వివరంగా రాస్తారు. అన్నీ ఉన్నా ఆ కాగితంతో పెళ్లి మాత్రం రద్దు కాదు. చట్టం దృష్టిలో ఆ ఇద్దరూ మరుసటి రోజు కూడా భార్యాభర్తలే.

ఈ మాట పెద్దమనుషులను తప్పుపట్టడానికి కాదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఇది. చాలా ఇళ్లలో అమ్మాయికి మామగారంటే సొంత మేనమామే. గొడవ ముదిరితే తెగేది ఒక్క కాపురం కాదు, అక్కాతమ్ముళ్ల రాకపోకలు కూడా. అందుకే కోర్టు మెట్లెక్కకముందు నలుగురిలో కూర్చుని మాట్లాడుకోవాలనుకోవడం సహజం. నగలు, డబ్బు, పిల్లల సంగతి రచ్చబండ దగ్గర ఒక్క పూటలో తేలిపోవచ్చు. అదే కోర్టులో ఏళ్లు పట్టవచ్చు. కానీ షరతులు తేల్చడం వేరు, పెళ్లిని రద్దు చేయడం వేరు. మొదటిది పంచాయితీ చేయగలదు. రెండోది, కొద్దిపాటి మినహాయింపులు పోగా, కోర్టే చేయాలి. పంచాయితీలో కుదిరిన ఒప్పందాన్ని అక్కడే వదిలేయకుండా కోర్టు దాకా తీసుకెళ్తే విడాకుల్లో సగం కష్టం తగ్గుతుంది. ఈ ఒక్క అడుగు వేయకపోవడం వల్లే ఎన్నో కుటుంబాలు పదేళ్ల తర్వాత మళ్లీ చిక్కుల్లో పడుతున్నాయి.

కాగితం ఎక్కడ ఎదురు తిరుగుతుంది?

"మా కులంలో పంచాయితీ విడాకులు చెల్లుతాయి" అనే మాట తరచుగా వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 29(2) సెక్షన్ ఆచారం ప్రకారం వచ్చే విడాకులను అలాగే ఉండనిచ్చింది. మారుమనువు ఆచారం తరతరాలుగా ఉన్న కులాలు సీమలో ఉన్నాయి. అయితే ఆ ఆచారం చాలాకాలంగా, ఎడతెగకుండా, ఆ కులంలో అందరూ పాటిస్తూ వస్తున్నదేనని కోర్టులో చెప్పుకుని, సాక్ష్యంతో రుజువు చేయాలి. 2002లో యమనాజీ జాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. ఆచారాన్ని రుజువు చేయకుండా ఒక్క విడాకుల పత్రం చూపిస్తే సరిపోదంది. రుజువు చేయాల్సిన అవసరం కాగితం రాసుకున్న రోజున రాదు. ఉద్యోగి చనిపోయాక ఫ్యామిలీ పింఛను కోసం ఇద్దరు భార్యలు దరఖాస్తు చేసుకున్నప్పుడో, పొలం పంపకాల్లో తగాదా వచ్చినప్పుడో వస్తుంది. అప్పటికి సాక్షి సంతకాలు పెట్టిన పెద్దల్లో ఎందరు బతికి ఉంటారు?

కాగితాన్ని నమ్ముకుని రెండో పెళ్లి చేసుకుంటే సమస్య ఇంకా పెద్దదవుతుంది. మొదటి పెళ్లి చట్టప్రకారం రద్దు కాకపోతే రెండోది చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం అవుతుంది. ఆ రెండో పెళ్లికి పుట్టిన పిల్లలను మాత్రం చట్టం సక్రమ సంతానంగానే చూస్తుంది, తల్లిదండ్రుల ఆస్తిలో వాటా ఇస్తుంది. ఏమీ తెలియక రెండో భార్యగా వచ్చిన ఆడమనిషికే అసలు దెబ్బ. ఆమెకు భార్య హోదా దక్కదు.

మొదటి భార్యకూ ఆ కాగితం మేలు చేయదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. మనోవర్తి కేసు, అంటే కోర్టు భాషలో ఎంసీ, వేసేది దీని కిందే. ఇద్దరి ఇష్టం మీద విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి రాదని ఆ సెక్షన్‌లోనే ఒక షరతుంది. కోర్టు విడాకులు తీసుకున్న స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు మనోవర్తి అడగవచ్చు. బాండు పేపరు మీద సంతకం పెట్టిన ఆమె విడాకులు పొందినదీ కాదు, బలవంతంగా వెళ్లగొట్టబడినదీ కాదు. "ఇష్టపడే విడిపోయాం, ఇదిగో సంతకం" అని అవతలి వకీలు అదే కాగితాన్ని చూపించి వాదిస్తాడు. సంతకం పెట్టే ముందు పుట్టింటివాళ్లు ఆలోచించాల్సిన మొదటి సంగతి ఇది. ఇక "పిల్లల ఖర్చులు అడగను" అని తల్లి రాసిచ్చినా పిల్లల హక్కు పోదు. పిల్లల హక్కును తల్లి వదులుకోలేదు, తండ్రి కొనుక్కోలేడు.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ చట్టం?

హిందువులకు హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. కులాంతర వివాహమైనా ఇద్దరూ హిందువులైతే అదే చట్టం. మతాంతర వివాహాలు, రిజిస్ట్రార్ దగ్గర 30 రోజుల నోటీసు ఇచ్చి చేసుకున్న పెళ్లిళ్లు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కిందికి వస్తాయి. గుడిలో తాళి కట్టి తర్వాత రిజిస్టర్ చేయించుకున్న జంటలు ఇక్కడే తికమకపడుతుంటారు. మ్యారేజ్ సర్టిఫికెట్ పైభాగంలోనే ఏ చట్టం కింద నమోదు చేశారో ఉంటుంది, దాన్ని చూస్తే చాలు.

"పెళ్లి రిజిస్టరే కాలేదు, మరి విడాకులెందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. ఇది పెద్ద పొరపాటు. హిందూ పెళ్లి సంప్రదాయం ప్రకారం జరిగితే చాలు, రిజిస్టర్ కాకపోయినా చెల్లుతుంది. శుభలేఖ, పెళ్లి ఫోటోలు, పురోహితుడి సాక్ష్యం రుజువుకు పనికొస్తాయి. కాబట్టి దాన్ని రద్దు చేయడానికీ కోర్టే కావాలి.

ఇద్దరూ ఒప్పుకుంటే

1976లో హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్ చేర్చారు. పరస్పర అంగీకారంతో విడాకులు దీని కిందే వస్తాయి. మ్యూచువల్ అని అందరూ పిలిచేది దీన్నే. పిటిషన్ వేసేనాటికి కనీసం ఏడాదిగా విడిగా ఉంటుండాలి. ఇక కలిసి బతకలేమని, విడిపోవడానికి ఇద్దరమూ ఒప్పుకున్నామని చెప్పాలి. విడిగా అంటే వేర్వేరు ఇళ్లలోనే ఉండాలని కాదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా లేకపోతే చాలని 1991లో సురేష్టా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్ వేసిన 6 నెలల తర్వాత, 18 నెలల లోపు ఇద్దరూ మళ్లీ కోర్టుకొచ్చి అదే మాట మీద ఉన్నామని చెబితే డిక్రీ, అంటే కోర్టు తీర్పు, వస్తుంది.

ఆ 6 నెలల గడువు చాలామందిని ఇబ్బంది పెట్టేది. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సడలించింది. మొదటి పిటిషన్ వేసేటప్పటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలన్నీ విఫలమై, డబ్బు, పిల్లల విషయాలు నిజంగా తేలిపోయి ఉంటే గడువు మాఫీ చేయమని అడగవచ్చు. మాఫీ చేయడం, చేయకపోవడం జడ్జి విచక్షణ. ఇదే తీర్పులో మరో మాట ఉంది. కువైట్‌కు వెళ్లినవారు ఎక్కువగా ఉన్న రాజంపేట, రాయచోటి వైపు దాని అవసరం చాలా ఉంది. సరైన కారణంతో రాలేనివారి తరఫున తల్లిదండ్రులో, తోబుట్టువులో హాజరు కావచ్చు, వీడియో కాన్ఫరెన్స్ ద్వారా కూడా విచారించవచ్చు అని కోర్టు అంది. అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీతో పిటిషన్ దాఖలు చేస్తున్నవారూ ఉన్నారు. విమానం టికెట్టుకు, సెలవుకు భయపడి ఏళ్ల తరబడి ఆగేవాళ్లు ముందు ఈ దారి గురించి వకీలును అడగాలి.

పంచాయితీ చేసిన పని అంతా పనికొచ్చేది ఇక్కడే. బంగారం ఎన్ని తులాలు, శాశ్వత భరణం ఎంత, ఒకేసారా వాయిదాల్లోనా, పిల్లలు ఎవరి దగ్గర, పండగ సెలవుల్లో ఎవరింటికి, నడుస్తున్న పోలీసు కేసులు ఎలా ముగుస్తాయి అన్నవి పెద్దల ముందు తేలిపోయి ఉంటే వాటినే పిటిషన్‌లో షరతులుగా రాయవచ్చు. బాండు పేపరు మీది ఒప్పందాన్ని అవతలివాళ్లు తప్పితే మళ్లీ పెద్దమనుషుల చుట్టూ తిరగడమే గతి. అదే ఒప్పందం కోర్టు డిక్రీలో భాగమైతే అమలు పిటిషన్ వేసి వసూలు చేసుకోవచ్చు. అయితే డిక్రీ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకుని ఒప్పుదలను వెనక్కి తీసుకోవచ్చు. అందుకే మొత్తం డబ్బు మొదటి రోజే చేతికివ్వడం, లేదంటే ఏమీ ఇవ్వకుండా చివరిదాకా ఆపడం రెండూ గొడవకు దారితీస్తాయి. కొంత మొదటి విచారణ నాడు, మిగిలింది తుది డిక్రీ నాడు జడ్జి ముందే డీడీ రూపంలో ఇచ్చే పద్ధతి ఇరువైపులా క్షేమం.

ఒకరు ఒప్పుకోకపోతే

అప్పుడు కారణం చూపించి, రుజువు చేయాలి. 13(1) సెక్షన్‌లో ఉన్న కారణాల్లో ఇక్కడి కోర్టుల్లో ఎక్కువగా వాడేవి క్రూరత్వం, విడిచిపెట్టి పోవడం. వివాహేతర సంబంధం, మతం మారడం, తీవ్రమైన మానసిక వ్యాధి, 7 ఏళ్లుగా ఆచూకీ లేకపోవడం వంటివీ ఉన్నాయి. కుష్ఠువ్యాధిని 2019లో ఆ జాబితా నుంచి తీసేశారు. ఎంతో ఆలస్యంగానైనా మంచి పని జరిగింది. వివాహేతర సంబంధం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది గానీ విడాకులకు కారణంగా అది అలాగే ఉంది.

క్రూరత్వమంటే కొట్టడమే కానక్కర్లేదు. నలుగురిలో అవమానించడం, తిండీ ఖర్చూ పట్టించుకోకపోవడం, లేని సంబంధాలు అంటగట్టడం కూడా సందర్భాన్ని బట్టి మానసిక క్రూరత్వం కిందికి వస్తాయి. తప్పుడు 498ఏ కేసు, అంటే అత్తింటి వేధింపుల కేసు, పెట్టడం కూడా మానసిక క్రూరత్వమేనని 2013లో ఓ తెలుగు దంపతుల కేసులో, కె. శ్రీనివాసరావు వర్సెస్ డి.ఎ. దీప తీర్పులో, సుప్రీంకోర్టు చెప్పింది. "498ఏ పెడితే విడాకులు తొందరగా వస్తాయి" అని సలహా ఇచ్చేవాళ్లు ఈ తీర్పు సంగతి చెప్పరు. నిజంగా హింస జరిగిన ఇంట్లో ఆ కేసు పెట్టాల్సిందే. ఇప్పుడది న్యాయ సంహితలో 85వ సెక్షన్. బేరం కోసం పెట్టిన కేసు మాత్రం పెట్టినవాళ్ల మీదికే తిరగబడవచ్చు.

విడిచిపెట్టి పోవడం కింద రావాలంటే కేసు వేసేనాటికి వరుసగా రెండేళ్లు గడిచి ఉండాలి. పోయినవారికి తిరిగి వచ్చే ఉద్దేశం లేదని, పోవడానికి తగిన కారణమూ లేదని తేలాలి. పని కోసం ఊరు వదలడం ఇందులోకి రాదు. ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయినా, అనంతపురం నుంచి బెంగళూరు పోయినా, సంసారం కోసం కువైట్‌లో ఇంటిపనికి వెళ్లినా అది భార్యనో భర్తనో విడిచిపెట్టడం కాదు. ఫోన్లు, డబ్బు పంపిన బ్యాంకు కాగితాలు ఇలాంటి చోట మంచి సాక్ష్యం.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎనిమిదేళ్లుగా ఎవరి బతుకు వాళ్లం బతుకుతున్నాం, అదే కారణంగా విడాకులు రావా?" ఫ్యామిలీ కోర్టులో రావు. బాగుపడే వీలు లేనంతగా చెడిపోయిన కాపురం అన్నది చట్టంలో ఇప్పటికీ విడిగా ఒక కారణం కాదు. దాన్ని చేర్చే బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించినా అది చట్టం కాకుండానే మురిగిపోయింది. 2023 మే 1న శిల్పా శైలేష్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద సుప్రీంకోర్టు ఈ కారణంతో విడాకులివ్వగలదని తేల్చింది. అయితే ఆ అధికారం సుప్రీంకోర్టుకే ఉంది. హైకోర్టుకు గానీ, కింది కోర్టుకు గానీ లేదు. నేరుగా అక్కడికే వెళ్లి అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు. అనంతపురంలో కేసు నడుపుతున్నవారు ఈ తీర్పును నమ్ముకుని క్రూరత్వం సాక్ష్యాలను నిర్లక్ష్యం చేయకూడదు.

పెళ్లయిన ఏడాది లోపు విడాకుల పిటిషన్ వేయడానికి లేదు. భరించలేని కష్టమో, మరీ దారుణమో ఉందని చూపిస్తే కోర్టు అనుమతి ఇవ్వవచ్చు.

కడపలో మొదలైన ఒక కేసు

కాపురానికి రమ్మని కోర్టు ద్వారా ఆదేశం తెచ్చుకునే అవకాశం హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌లో ఉంది. దీని చరిత్రలో కడపకు ఒక స్థానముంది. టి. సరీత వర్సెస్ టి. వెంకటసుబ్బయ్య కేసులో భర్త ఈ సెక్షన్ కింద కడప సబ్ కోర్టులోనే పిటిషన్ వేశారు. అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చేరాక 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి అసలు 9వ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. ఇష్టం లేని కాపురానికి ఒక స్త్రీని కోర్టు ఆదేశంతో పంపడం ఆమె గోప్యతను, గౌరవాన్ని దెబ్బతీయడమేనన్నది ఆయన తర్కం. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కాదని సెక్షన్‌ను నిలబెట్టింది. ఆ సెక్షన్ నేటికీ అమల్లో ఉంది. వాదన బలం మాత్రం ఆ కడప కేసుదే అనిపిస్తుంది. నలభై ఏళ్ల తర్వాత చదివినా అది పాతబడలేదు.

ఇవాళ 9వ సెక్షన్ పిటిషన్ వేసేవాళ్లందరూ నిజంగా కాపురం కోరుకునేవాళ్లు కారు. డిక్రీ వచ్చాక ఏడాదిలో కలిసి ఉండకపోతే, ఇద్దరిలో ఎవరైనా దాన్నే కారణంగా చూపి విడాకులు అడగవచ్చు. అలా ఇది విడాకులకు అడ్డదారి కూడా అయింది. కాపురానికి రాలేదు కాబట్టి మనోవర్తి ఇవ్వనని భర్తలు వాదించడమూ మామూలే. ఇలాంటి డిక్రీ ఉన్నా, రాకపోవడానికి తగిన కారణముంటే భార్య మనోవర్తికి అర్హురాలేనని 2025 జనవరిలో రీనా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు వచ్చిన ఆడబిడ్డ భయపడి ఊరుకోకుండా, ఎందుకు పోలేకపోతున్నదీ కౌంటర్లో, అంటే కోర్టుకిచ్చే జవాబులో, వివరంగా రాయించాలి.

పెళ్లి తెంచుకోవడం ఇష్టం లేక, కలిసి ఉండటమూ కుదరనివారికి 10వ సెక్షన్ కింద జ్యుడీషియల్ సెపరేషన్ ఉంది. భార్యాభర్తలుగానే ఉంటారు, కలిసి ఉండాల్సిన బాధ్యత ఉండదు. దీన్ని వాడేవాళ్లు తక్కువ.

పెళ్లే చెల్లదని చెప్పే దారి

విడాకుల కంటే వివాహ రద్దు సరైన దారి అయ్యే సందర్భాలున్నాయి. ఇదివరకే భార్య ఉన్న మనిషి మోసం చేసి చేసుకున్న పెళ్లి మొదటి నుంచే చెల్లదు. బలవంతంగా, లేదా ముఖ్యమైన విషయం దాచి చేసిన పెళ్లిని రద్దు చేయమని అడగవచ్చు గానీ, మోసం బయటపడిన ఏడాది లోపే అడగాలి. తెలిశాక కూడా ఇష్టపడి కాపురం చేస్తే ఆ హక్కు పోతుంది. "సర్దుకుంటారులే, ఒక ఏడాది చూద్దాం" అనే సలహాతో ఈ గడువు ఎన్నోసార్లు దాటిపోతుంది.

బాల్య వివాహాల సంగతి విడిగా చెప్పాలి. సీమ జిల్లాల్లో అవి ఇంకా ఆగలేదు. పదోతరగతి పూర్తికాకముందే పెళ్లయిన అమ్మాయి ఆ పెళ్లిని విడాకుల రూపంలోనే తెంచుకోవాలని లేదు. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం 3వ సెక్షన్ ప్రకారం ఆ పెళ్లిని రద్దు చేయమని కోరవచ్చు. మైనారిటీ తీరిన రెండేళ్ల లోపు, అంటే అమ్మాయికి 20 ఏళ్లు నిండేలోగా పిటిషన్ వేయాలి. కట్నంగా ఇచ్చిన డబ్బు, నగలు తిరిగి ఇప్పించమని, ఆమె మళ్లీ పెళ్లి చేసుకునేదాకా మనోవర్తి ఇప్పించమని కూడా కోర్టు ఆదేశించగలదు. దీనికి తోడు 15 ఏళ్ల లోపు పెళ్లయిన అమ్మాయి, 18 నిండేలోపు ఆ పెళ్లిని కాదంటే, హిందూ వివాహ చట్టంలోనే అది విడాకులకు కారణం. ఈ హక్కు గురించి హైస్కూలు టీచర్లకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు తెలిసి ఉండటం చాలా అవసరం. ఆ వయసు అమ్మాయి మొదట నోరు విప్పేది వాళ్ల దగ్గరే.

ముస్లింలు, క్రైస్తవులు, తండాలు

కర్నూలు, కడప పట్టణాల్లో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. ఒకేసారి మూడుసార్లు తలాక్ చెప్పడం చెల్లదని 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 చట్టంతో అది 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడే నేరమైంది. వాట్సాప్‌లో పంపినా, ఫోన్లో చెప్పినా అంతే. వ్యవధి ఇచ్చి చెప్పే తలాక్‌కు కూడా తగిన కారణం ఉండాలని, ముందుగా ఇరువైపుల పెద్దలు రాజీకి ప్రయత్నించి ఉండాలని 2002లో షమీమ్ ఆరా తీర్పు చెప్పింది. భార్య కోరుకుంటే ఖులా, ఇద్దరూ కోరుకుంటే ముబారాత్ ఉన్నాయి. ఇవేవీ కుదరనప్పుడు 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం భార్యకు కోర్టు దారి చూపిస్తుంది. భర్త 4 ఏళ్లుగా ఆచూకీ లేకపోయినా, 2 ఏళ్లు పోషించకపోయినా, క్రూరంగా చూసినా పిటిషన్ వేయవచ్చు. కువైట్ వెళ్లి డబ్బు పంపడం మానేసిన భర్త విషయంలో ఆ 2 ఏళ్ల నిబంధన నేరుగా పనికొస్తుంది. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా 125వ సెక్షన్ (ఇప్పటి 144) కింద మనోవర్తి కోరవచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది.

క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం ఉంది. 2001 సవరణతో భార్యాభర్తలకు కారణాలు సమానమయ్యాయి, పరస్పర అంగీకార విడాకులూ వచ్చాయి. విడిగా ఉండాల్సిన కాలం మాత్రం చట్టంలో రెండేళ్లు. చర్చి ఇచ్చే రద్దు పత్రం చట్టప్రకారం విడాకులు కాదు.

తండాల పరిస్థితి వేరు. హిందూ వివాహ చట్టం 2(2) ప్రకారం షెడ్యూల్డ్ తెగలకు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, ఆ చట్టం వర్తించదు. సుగాలీలు, ఎరుకలు, యానాదులు, నల్లమల చెంచులు ఆ జాబితాలోని వారే. వాళ్లకు ఆచారమే చట్టం, కానీ దాన్నీ రుజువు చేయాల్సిందే. పెళ్లి హిందూ పద్ధతిలో జరిగిందని తేలితే హిందూ వివాహ చట్టం కింద పిటిషన్‌ను అనుమతించిన తీర్పులు కొన్ని హైకోర్టుల్లో ఉన్నాయి. సమాధానం సూటిగా లేని చోటు ఇది. పిటిషన్ వేసేటప్పుడే వకీలుకు తెగ పేరు, పెళ్లి జరిగిన పద్ధతి దాచకుండా చెప్పాలి.

ఎక్కడ వేయాలి, ముందు ఏది వేయాలి

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఫ్యామిలీ కోర్టులున్నాయి. వాటి పరిధి బయట సీనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో వేస్తారు. పెళ్లి జరిగిన చోట, చివరిగా కలిసి ఉన్న చోట, ఎదుటివారు ఉంటున్న చోట పిటిషన్ వేయవచ్చు. 2003 సవరణ తర్వాత భార్య తాను ఉంటున్న ఊరి కోర్టులోనే వేయవచ్చు. భర్త బెంగళూరులో వేసి వాయిదా వాయిదాకీ ధర్మవరం నుంచి తిప్పుతుంటే, కేసును ఇక్కడికి మార్చమని సుప్రీంకోర్టును కోరవచ్చు. రాష్ట్రం లోపలైతే హైకోర్టు చాలు.

కోర్టు నుంచి సమన్లు వస్తే తీసుకోకుండా తప్పించుకోవడం చాలామంది చేసే తప్పు. రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఒక పక్షం వాదనే విని ఇచ్చే తీర్పు, వస్తుంది. ఆ సంగతి అవతలివారి రెండో పెళ్లి శుభలేఖ చూశాకే తెలుస్తుంది. ఎక్స్‌పార్టీ డిక్రీని కొట్టేయమని అడగడానికి మామూలుగా 30 రోజులే గడువు.

చాలా ఇళ్లలో తక్షణ అవసరం విడాకులు కాదు, నెల ఖర్చులు, తలదాచుకునే చోటు. ఇంటి నుంచి గెంటేస్తే 2005 నాటి గృహహింస చట్టం కింద కేసు, అంటే డీవీసీ, వేసి ఆ ఇంట్లో ఉండే హక్కు, రక్షణ, ఖర్చులు కోరవచ్చు. మనోవర్తికి ఎంసీ వేయవచ్చు. విడాకుల కేసు నడుస్తుంటే హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం అడగవచ్చు. దీన్ని భర్త కూడా అడగవచ్చు. 2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులతో అఫిడవిట్ ఇవ్వాలి, మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలి. కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే. విడాకుల కేసు తేలాక మనోవర్తి చూద్దామనే సలహాను వినకపోవడం మంచిది.

వకీలు ఫీజు కట్టలేమని ఆగిపోవాల్సిన పని లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి, లేదంటే 15100కు ఫోన్ చేయవచ్చు. మొదటిసారి వెళ్లేటప్పుడు శుభలేఖ, పెళ్లి ఫోటోలు, ఇద్దరి ఆధార్, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఇచ్చిన బంగారం బిల్లులు, ఇదివరకు రాసుకున్న బాండు పేపరు ఉంటే అదీ పట్టుకెళ్లాలి. ఆ పేపరును దాచిపెట్టకూడదు. కేసులో అది రెండు వైపులా పనిచేసే సాక్ష్యం.

డిక్రీ వచ్చిన రోజే అంతా అయిపోదు. సర్టిఫైడ్ కాపీ తీసుకుని రెండు మూడు చోట్ల భద్రపరచాలి. పాస్‌పోర్టులో భాగస్వామి పేరు మార్చుకోవడానికీ, మళ్లీ పెళ్లి రిజిస్ట్రేషన్‌కూ అడిగేది దాన్నే. పోరాడి తెచ్చుకున్న డిక్రీ మీద అవతలివారు అప్పీలుకు పోవచ్చు. ఆ గడువు ముగిశాకే, అప్పీలు వేసి ఉంటే అది కొట్టేశాకే మళ్లీ పెళ్లి చేసుకోవాలని హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టంలో అప్పీలు గడువు 90 రోజులు. ఆ 90 రోజులూ గడిచాక, అప్పీలు ఏదీ పడలేదని వకీలు ద్వారా కనుక్కున్న తర్వాతే ముహూర్తం పెట్టించుకోవాలి.